విసుర్రాయి రుచి

మా అక్క మొగుడంటే నాకు మొదటినుంచీ గిట్టదు. "పెద్దోళ్లేమన్నా పిచ్చోళ్లా?" అన్నది ఆయన ఊతపదం. చూపుడు వేలు పైకెత్తి, కళ్లు సగం మూసి అనేవాడు, ఆ పెద్దోళ్లందరినీ తనే కన్నట్టు.

పాతకాలపు బతుకే బతుకన్న వెర్రి తలకెక్కగానే కార్వేటినగరంలో కూల్చేస్తున్న ఒక ఇంటి నుంచి విసుర్రాయి కొని, చిత్తూరుకు కారులో తెచ్చుకున్నాడు. సంగటికి రాగులు ఇక ఇంట్లోనే విసరాలి, పిండి మరకు పోకూడదన్నాడు. విసరాల్సింది మా అక్క. ఆమె విసురుతుంటే ఫోనులో వీడియో తీసి నలుగురికీ పంపడం ఆయన పని.

నేను వెళ్లిన రోజుకు అక్క అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. "ఇది ఇద్దురు ఎదురెదురుగా కూర్సోని తిప్పే రాయి. నువ్వు ఆపక్క కూర్సో," అంది ఆయనతో, మెల్లగానే.

ఆయన ఫోను దించనైనా లేదు. "మగోడు ఇసుర్రాయి తిప్పేది యాడన్నా సూసినావా మే?"

మర్నాడు ఆయన బయటికి పోగానే రాగులు సంచిలో పోసుకుని నేనే బజారులోని మరకు తీసుకెళ్లాను. అప్పటినుంచీ అక్క కూడా అక్కడే పిండి పట్టించుకొచ్చేది. ఆయన కంటికి ఆనేట్టు రాయి మీద గుప్పెడు రాగులు చల్లి ఉంచేది, అంతే.

ఆఖరుసారి వాళ్లింట్లో తిన్నప్పుడు ఆయన స్నేహితుడొకడు పక్కన కూర్చున్నాడు. బావ సంగటి తుంచి, పులుసులో అద్ది మింగి, వేలెత్తాడు. "సూసినావా అప్పా, ఇసుర్రాయి పిండి రుచే వేరు. పెద్దోళ్లేమన్నా పిచ్చోళ్లా?"

అక్క తల ఎత్తకుండా ఆయన కంచంలో ఇంకో ముద్ద వేసింది.

"వాళ్లు కాదులే బావా," అన్నాను.