ఖో అన్నా లేవలేదు

పోయిన వానాకాలం వచ్చిన డెంగీ నుంచి మా పాప బతికి బయటపడింది. ఇక ఆడుకోవచ్చని డాక్టర్ చెప్పి నెలలవుతోంది. అయినా మధ్యాహ్నం అన్నం తిన్నాక బడిలో అందరూ ఖోఖో ఆడుతుంటే, తను మాత్రం వరండాలో చెప్పుల కుప్పకు కాపలా కూర్చుంటోందని పీఈటీ సార్ ఫోన్ చేశారు. ఈరోజు సారపాకలోని ఆ బడికి వెళ్లాను.

"నువ్వు గూడ పో బిడ్డా" అన్నాను.

"నేను పోతే చెప్పులెవరు చూస్తరు?"

"చెప్పులు ఉరికిపోతయా ఏందే? నువ్వు రా!" అంటూ అడవి పల్లె నుంచి బడికి వచ్చే స్నేహితురాలు పాప చెయ్యి పట్టి లాక్కెళ్లి వరుసలో కూర్చోబెట్టింది.

ఆట మొదలైంది. తరుముతున్న పిల్ల మా పాప వీపు తట్టి "ఖో" అంది. పాప లేవలేదు. తల తిప్పి నా ముఖంలోకి చూసింది. జ్వరం తగ్గినప్పటి నుంచి మెట్టు దిగాలన్నా నన్ను అలాగే చూస్తుంది. నేను తలూపేలోపు అవతలివాళ్లు తప్పించుకున్నారు.

"ఏందే, మీ అమ్మ ఖో అనాల్నా?" అని ఎవరో అరిస్తే అందరూ నవ్వారు.

నేను కనబడకపోతే లేస్తుందేమోనని గోడ వెనక్కి వెళ్లి నిల్చున్నాను. మళ్లీ "ఖో" అని వినిపించింది. తర్వాత ఎవరో పరుగెత్తిన చప్పుడైంది. అది మా పాపేనా అని తొంగి చూసే ధైర్యం నాకు రాలేదు.