సేటు ఖాతాలో పాప డబ్బు

ఆ రోజుల్లో, అంటే నేను టెక్స్‌టైల్ డిప్లొమా పాసై సూరత్ పక్కన జోల్వాలో అన్నవాళ్ల గదికి చేరిన మొదటి ఏడాది, గళ్లు గీసి మార్కులు వేస్తే తేలని విషయం లోకంలో ఉండదని నమ్మేవాణ్ణి. మగ్గాలకు సెలవైన ఆ ఉదయం గదిలో ఉన్న మనుషులు: అమ్మ, అన్న, వదిన, మూడు నెలల పాప, నేను. ఉన్న వస్తువులు: ఒక మంచం, కొక్కేనికి కట్టిన చీర ఊయల, ఒక ఫ్యాను, నేను గీసిన గళ్ల కాగితం. (సెలవునాటి నిశ్శబ్దం కూడా ఉంది. మగ్గాల మోత లేకపోతే పాప నిద్రపోయేది కాదు కాబట్టి దాన్నీ లెక్కలో వేయాలి.) తేల్చాల్సింది ఒక్కటే. మొదటి కాన్పు తల్లికి సర్కారు ఇచ్చే డబ్బును బ్యాంకులో తీసుకోవాలా, పోస్టాఫీసులో తీసుకోవాలా? ఏదో ఒకటి అనుకుని ఉండండి, మధ్యాహ్నం వచ్చి రాసుకుంటానని అంగన్‌వాడీ బెన్ (అక్కడ ఆడవాళ్లంతా బెన్‌లే, అంటే అక్కలే) ముందురోజే చెప్పి వెళ్లింది.

ఆ డబ్బు అవసరం వదినది. కాన్పుకు ముందు ఆమె చీరలకు రాళ్లు అంటించే పనికి వెళ్లేది. వచ్చే నెల నుంచి రమ్మని మళ్లీ కబురు వచ్చింది. సర్కారు డబ్బు తన చేతికి వస్తే పాప పాకేదాకా ఇంట్లోనే ఉండొచ్చు, రాకపోతే పాపను అమ్మకు అప్పగించి పోవాలి. ఈ సంగతి మా అందరికీ తెలుసు. అందుకే ఆమెను తప్ప అందరినీ అభిప్రాయం అడిగాను.

అన్న బ్యాంకన్నాడు, అదీ తన బ్యాంకే అన్నాడు. కడోదరా రోడ్డు మీదే ఏటీఎం ఉందట, డబ్బు పడగానే తన ఫోను టింగుమంటుందట. (ఆ ఫోను కిస్తీ కూడా అదే బ్యాంకులోంచి కట్ అవుతుందని ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.) అమ్మ పోస్టాఫీసంది. బ్యాంకువాళ్లు అద్దం వెనక కూర్చుంటారని, అద్దం వెనక మనిషికి మన మాట వినబడదని ఆమె అనుభవం. నేను దూరానికి, లైను పొడవుకు, గుమాస్తా హిందీకి, నిలబడే చోట నీడకు విడివిడిగా మార్కులు వేసి కూడితే రెండూ సమానంగా వచ్చాయి. ఫ్యాను ఉందా లేదా అని ఇంకో గడి కలిపాను. రెండు చోట్లా ఉంది. ఫ్యాను తిరిగే వేగం అని మరో గడి గీస్తుండగా ఊయల దగ్గర నుంచి వదిన అంది:

"ఇంజినీరు సాబ్, పైసలు ఎవరి పేరు మీద అనే గడి ఉన్నదా అండ్ల?"

ఆ గడి రెండింటికీ ఒకటే కాబట్టి పోలికలోకి రాదని శాస్త్రీయంగా వివరించాను.

మధ్యాహ్నం బెన్ వచ్చింది. చదువుకున్నవాణ్ణి కాబట్టి మాట్లాడే బాధ్యత నాది. అప్పటికి నాకు గుజరాతీ వచ్చు, కాకపోతే మొత్తం మగ్గాల మధ్యే వచ్చింది. సూరత్‌లో బ్యాంకు ఖాతాను ఏమంటారో సేట్ల మగ్గాలు నడిచే షెడ్డునూ అదే అంటారు. మావాళ్లు ఎవరూ పనికి పోతున్నామనరు, ఖాతాకు పోతున్నం అంటారు. బెన్ ముందు పాప తండ్రి పనేమిటని అడిగింది, మగ్గం అన్నాను. తర్వాత ఖాతా ఎవరి పేరు మీద ఉందని అడిగింది. సేటు పేరు మీద అన్నాను. ఆమె ఫోనులోంచి తలెత్తి, తల్లి పేరు అందులో లేదా అంది. తల్లి పేరే ఉంటే మేము ఈ ఒక్క గదిలో ఎందుకుంటామన్నాను. ఆ ఖాతా అసలు నడుస్తోందా అంది. రాత్రింబవళ్లు నడుస్తుందని, ఈ ఒక్కరోజే సెలవని చెప్పాను. ఆధార్ ఇచ్చారా అంది. చేరిన రోజే సేటు అందరి ఆధార్‌లూ తీసుకున్నాడన్నాను. చివరికి కాస్త భయపడినట్టే, అందులో ఏమైనా ఉందా, ఖాళీయా అని అడిగింది. యాభై రెండు అన్నాను. (నిజంగానే యాభై రెండు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను.)

బెన్ ఫోను సంచిలో పెట్టేసింది. తల్లికిచ్చే డబ్బు సేటు ఖాతాకు పోదు, ఈ ఇంటికి ఇక రాదు అంటూ లేచింది. ఉన్నదున్నట్టు చెప్పడం నా అలవాటు.

"వదినా, ఖాతా సేటు పేరు మీద ఉన్నదని పైసలు రావట."

వదిన పాపను అమ్మ ఒళ్లో పెట్టి గుమ్మానికి అడ్డం వచ్చి నిలబడింది.

"బిడ్డను కన్నది నేనా, సేటా?"

అన్న మంచం మీద నుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"జర గీ మాట ఆమెకు చెప్పు. ఒక్క ముక్క పోకుండ చెప్పు."

చెప్పాను. బెన్ నన్నూ వదిననూ మార్చి మార్చి చూసి, అసలు ఆ ఖాతాలో ఉన్న యాభై రెండు ఏమిటని అడిగింది. మగ్గాలు అన్నాను. ఆమె మంచం మీద కూలబడి నవ్విన నవ్వుకు పాప ఉలిక్కిపడి ఏడుపు లంకించుకుంది. దాన్ని సముదాయించాక బెన్ నిదానంగా చెప్పింది. ఎక్కడైనా సరే, ఖాతా తల్లి పేరు మీదే ఉండాలి, తండ్రి ఖాతా పనికిరాదు. మరి బ్యాంకా, పోస్టాఫీసా? అందరూ నా కాగితం వైపు చూశారు. వదిన మాత్రం నా వైపు చూసింది.

"మీ అన్న ఫోన్ల టింగుమననిది ఏది?"

అన్న ఫ్యాను వైపు చూశాడు. పోస్టాఫీసన్నాను. "నేను పొద్దుగాలనే చెప్పలే?" అంది అమ్మ, గెలిచింది తనే అన్నట్టు.

ఇప్పుడు పల్సానాలో నా కింద కొంతమంది పనిచేస్తున్నారు, గళ్లు గీయడం ఇంకా మానలేదు. ఫ్యాను వేగానికి మార్కులు వేస్తున్న ఆ కుర్రాడు గుర్తొచ్చినప్పుడల్లా భుజం తట్టి, నాయనా, ఒకసారి ఊయల వైపు తిరుగు అనాలనిపిస్తుంది. వాడు వినడు. దానికెన్ని మార్కులని అడుగుతాడు. డబ్బు కొంచెం ఆలస్యంగానైనా వదిన పేరు మీదే పడింది. ఆమె పనికి పోకుండా పాపతో ఇంట్లో ఉన్నది ఐదు నెలలు.