ఆడవాళ్ల గ్రూపు హబీబున్నీసా

గోదావరిఖనిలో ఫోటో క్లబ్బు పెట్టిన కొత్తలో అందులో ఒక్క ఆడమనిషి కూడా లేదు. బొగ్గుబాయి ఆఫీసులో హెడ్ గుమాస్తా కొమురెల్లి తనలాగే కెమెరా పిచ్చి ఉన్నవాళ్లను పోగేసి, రిక్రియేషన్ క్లబ్బు వెనక గదికి నల్లగుడ్డలు కట్టించి ఫోటోలు కడిగే గది చేయించాడు. తానే సెక్రటరీ అయ్యాడు. అది డెబ్బై ఒకటో, రెండో. మొదట అందరూ అన్నీ తీశారు. ఏడాది తిరిగేసరికి ఎవరి రుచి వారిదై గ్రూపులు పడ్డాయి. గోదావరి ఒడ్డున కొంగల కోసం బురదలో కూర్చునేవాళ్లు పిట్టల గ్రూపు. బొగ్గు వ్యాగన్లు, వాటిని తాళ్లతో లాగే వించీలు తీసేవాళ్లు మిషన్ల గ్రూపు. జాతరలకు తిరిగేవాళ్లు పండుగల గ్రూపు. ఫిలిం, కాగితం, మందులు గ్రూపులవారీగా పంచుకునేవాళ్లు. ఆ పంపకం దగ్గర మాటా మాటా అనుకునేవాళ్లు.

అలీముద్దీన్‌ది పిట్టల గ్రూపు. వర్క్‌షాపులో ఎలక్ట్రీషియన్. రాత్రి షిఫ్టు దిగి వచ్చి ఆదివారం పొద్దంతా గుర్రుపెట్టి నిద్రపోయేవాడు. కొంగలు ఆయన కోసం ఆగేవి కావు. గూట్లో ఊరికే పడున్న ఆయన డబ్బా కెమెరాను భార్య హబీబున్నీసా ఒకనాడు చేతిలోకి తీసుకుంది. రోల్ ఎట్లా ఎక్కించాలో, ఎండను ఏ వైపు పెట్టుకోవాలో ఆయన మంచంలో పడుకునే చెప్పాడు. మిగిలింది ఆమె రోల్లు పాడుచేసుకుంటూ నేర్చుకుంది. వంటింటి కిటికీకి దుప్పటి కట్టి, బల్బుకు ఎర్ర కాగితం చుట్టి, సత్తు పళ్లేలలో మందు కలిపి ఫోటోలు కడిగేది. ఆ పళ్లేలు మళ్లీ వంటకు పనికిరావని అత్తగారు గొణిగితే, వాటిని వేరుగా అటక మీద పెట్టుకుంది.

పెద్దపల్లి నుంచి పెళ్లై ఆమె ఈ కాలనీకి వచ్చినప్పుడు క్వార్టర్లకు ఇంకా సున్నం కూడా పడలేదు. ఇంట్లో మాట ఉర్దూ. తెలుగు మాత్రం నల్లా దగ్గర బిందెల వరసలో నేర్చుకుంది. నేర్పింది పక్కింటి అనసూర్య. అనసూర్య మొగుడి పేరు మొగిలి, బొగ్గుబాయిలో బొగ్గు నింపే పని చేసేవాడు. ఇద్దరి ఇళ్లకూ మధ్య గోడ ఒకటే. ఒక ఇంట్లో పోపు వేస్తే రెండో ఇంట్లో తుమ్మేవాళ్లు.

ఆ రోజుల్లోనే దవాఖాన కార్డుకు ఇంటిల్లిపాదివీ ఫోటోలు కావాలన్నారు. కాలనీ ఆడవాళ్లకు అదొక గండమైంది. చౌరస్తాలో ఉన్నది ఒక్కటే స్టూడియో.

"గడ్డం పట్టుకొని మొకం తిప్పుతడట వాడు," అంది అనసూర్య. "నా మొగడే పట్టుకోడు గట్ల. నేను పోను. జ్వరమొస్తే ఇంట్లనే పడుంట."

"నేను తీస్త, రా," అంది హబీబున్నీసా.

పెరట్లో తెల్ల దుప్పటి కట్టి, ముందు స్టూలు వేసి అనసూర్యను తీసింది. ఆ వారంలోనే ఆ వాడంతా దుప్పటి ముందు కూర్చుంది. కార్డు ఫోటో అయ్యాక ఎవరూ లేచి వెళ్లేవాళ్లు కాదు. "ఇంకోటి తియ్యక్కా, ఊకెనే," అనేవాళ్లు. బొగ్గు గంపలు మోసి మోసి నడుము వంగిన సారవ్వ అనే ముసలమ్మ చుట్ట ముట్టించుకుని మరీ కూర్చుంది. ఒకామె మొగుడి టోపీ పెట్టుకుంది. అనసూర్య తలంటుకుని జుట్టు విరబోసుకుని, గడప మీద కాలు చాపి, కళ్లు మూసుకుపోయేలా నవ్వింది. అది కడిగిన రోజు హబీబున్నీసా తడి కాగితాన్ని ఎర్ర వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసింది. అంత మంచి ఫోటో తన చేత్తో వచ్చిందంటే తనకే నమ్మకం కలగలేదు.

"ఇది నాకే ఉండాలె," అంది అనసూర్య చూసుకుని. "ఎవ్వలకు సూపకు. మా ఇంటాయనకు గూడ."

ఈ సంగతి అలీముద్దీన్ క్లబ్బులో చెప్పాడు. కొమురెల్లి కొత్తకు వెనకాడే మనిషి కాదు. "ఆడోళ్ల గ్రూపు పెడుదాం," అన్నాడు. దుప్పటి ముందు కూర్చున్న ఆడవాళ్ల పేర్లు రాసుకున్నాడు, ఫిలింలో వంతు ఇచ్చాడు. మధ్యాహ్నం మగవాళ్లు డ్యూటీలో ఉండగా చీకటి గది వాళ్లది. అక్కడి యంత్రంతో చిన్న ఫోటోను జానెడు ఫోటో చేయొచ్చు. హబీబున్నీసా మొదట పెద్దది చేసింది అనసూర్య నవ్వునే. దాన్ని తన పెట్టెలో బట్టల అడుగున దాచింది.

పంద్రాగస్టుకు క్లబ్బులో ఫోటోల ప్రదర్శన. కొమురెల్లి ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"అన్ని గ్రూపులోళ్లు పెడుతున్నరు చెల్లె. మీరు గూడ పెట్టాలె. సూపెట్టకపోతే రేపు ఫిలిం ఎందుకిచ్చినవని నన్నడుగుతరు."

హబీబున్నీసా తలుపు చాటు నుంచే అంది, "అడిగి చూస్త అన్నా. ఫోటోలు నావి గావు, ఆళ్లయి."

ఇల్లిల్లూ తిరిగి అడిగింది. సారవ్వ "పెట్టు బిడ్డా, నన్ను జూసి ఎవడు దడుసుకుంటడో సూద్దాం," అంది. ఇంకొందరు ఒప్పుకున్నారు, చాలామంది వద్దన్నారు. అనసూర్యను అడగనే లేదు. అడగాల్సిన పని లేదనుకుంది. ఒప్పుకున్నవాళ్ల ఫోటోలే కట్టగట్టి భర్త చేతికిచ్చింది.

ప్రదర్శన నాటి పొద్దున గోడ మీద ఆడవాళ్ల వరసలో ఒక చోటు ఖాళీగా కనబడింది. అలీముద్దీన్ ఇంటికి వచ్చాడు. భార్య అంగడికి పోయింది. ఆయన పెట్టె తెరిచి, అడుగున ఉన్న పెద్ద ఫోటో చూసి, ఇంత మంచిది మరిచిపోయిందేమిటి అనుకుని, పట్టుకుపోయి ఆ ఖాళీలో గుచ్చాడు. ఎవ్వలకు సూపకు అన్న అనసూర్య మాట ఆయనకు తెలియదు.

సాయంత్రానికి ఆ మాట కాలనీకి వచ్చేసింది. మొదటి షిఫ్టు దిగినవాళ్లు చూసి మొగిలితో అన్నారు, "నీ ఇంటామె నవ్వు మంచిగున్నదిరో." మొగిలి ఇంటికి వచ్చాడు. వడ్డించిన పళ్లెం పక్కకు జరిపి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అది ఎందుకో సారవ్వ వచ్చి చెబితే గానీ అనసూర్యకు తెలియలేదు.

గోడకు ఇవతల హబీబున్నీసాకు ఏడుపు, మధ్యలో ఫోటో అన్న మాట వినబడ్డాయి. పెట్టె తెరిచి చూసుకుంది. భర్తను ఒక్క మాట అడిగింది, "మీరు తీసుకుపోయారా?" ఆయన అవునన్నాడు. ఆమె బురఖా వేసుకుని క్లబ్బుకు నడిచింది. మగవాళ్లు ఉన్న వేళ ఆ హాల్లో ఆమె ఏనాడూ అడుగు పెట్టలేదు. జనం పక్కకు తప్పుకున్నారు. ఆమె నేరుగా ఆ ఫోటో దగ్గరకు పోయి పిన్నులు పీకడం మొదలుపెట్టింది.

కొమురెల్లి పరుగున వచ్చాడు. "ఏంది చెల్లె గిది? దానికే ఫస్టు ప్రైజు రాసినం."

"ఆమె ఇయ్యలే, నేను ఇయ్యలే. మీరెట్ల రాస్తరు ప్రైజు?"

"గోడ మీద ఉన్నది గదా."

"గిప్పుడు లేదు," అంది హబీబున్నీసా. ఫోటోను బురఖాలో పెట్టుకుని బయటికి వచ్చింది.

ఫోటో, దాని ఫిలిం ముక్క రెండూ తీసుకుని అనసూర్య తలుపు కొట్టింది. జరిగింది చెప్పింది. భర్త మీదికి నెట్టలేదు. "నా పెట్టెల కెల్లి పోయింది, తప్పు నాదే," అంది. అనసూర్య రెండూ అందుకుని తలుపు వేసుకుంది.

ఆ వానకాలమంతా మాటల్లేవు. నల్లా దగ్గర అనసూర్య బిందె వరసలో ఎక్కడో చివర పెట్టుకునేది. అలీముద్దీన్ పోయి మొగిలి ముందు నిలబడి, "భాయ్, నాకు తెల్వక అయ్యింది, మాఫ్ చెయ్యి," అన్నాడు. మొగిలి "సరే తీ," అన్నాడు గానీ ఆయన ఇచ్చిన బీడీ తీసుకోలేదు. క్లబ్బులో ఆడవాళ్ల గ్రూపుకు ఫిలిం ఆగిపోయింది. హబీబున్నీసా కెమెరా ముట్టుకోలేదు. అటక మీది పళ్లేలు అత్తగారే దించి, బూజు దులిపి, మళ్లీ అక్కడే పెట్టింది.

బతుకమ్మ పోయాక ఒక మధ్యాహ్నం అనసూర్య గుమ్మంలో నిలబడింది. చేతిలో ఫిలిం ముక్క ఉంది.

"దీంట్ల నా మొకం నల్లగున్నది, ఎంటికలు తెల్లగున్నయి. ఎందుకట్ల?"

హబీబున్నీసా ఆమె ముఖం వంక చూడకుండానే ఫిలిం అందుకుంది. "వెలుగు తాకిన కాడ నల్లబడ్తది. లోపలికి రా, సూపెడ్త."

వంటింటి కిటికీకి మళ్లీ దుప్పటి కట్టారు. అనసూర్య మందులో కాగితం వేసి, తన ముఖం నీళ్లలో నుంచి మెల్లగా పైకి తేలుతుంటే "ఓయమ్మో!" అని చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ తర్వాత కాగితాలు కడగడం అనసూర్యది, కెమెరా హబీబున్నీసాది. కొన్నాళ్లకు కెమెరా కూడా అనసూర్య పట్టుకుంది.

క్లబ్బు సంగతి కూడా అప్పుడే తేలింది. కొమురెల్లి ఇంట్లో ఆయన భార్య అడిగిందట, నా ఫోటో గట్ల పెడితే ఊకుంటవా అని. ఆయన కబురు పంపాడు. ప్రదర్శనలో పెట్టకున్నా ఆడవాళ్ల గ్రూపుకు వంతు ఉంటుందని, బడి గదిలో ఒక ఆదివారం ఆడవాళ్లే ఆడవాళ్లకు చూపించుకోవచ్చని. ఆ ఆదివారం సారవ్వ తన ఫోటో ముందు స్టూలు వేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి మనిషినీ ఆపి చూపించింది. అనసూర్య పెట్టినవి తాను తీసినవే. తన నవ్వు ఫోటో పెట్టలేదు. పెట్టమని హబీబున్నీసా అడగలేదు.

డెబ్బై ఏడులో అలీముద్దీన్‌కు రామకృష్ణాపూర్ బదిలీ అయింది. డబ్బా కెమెరా పక్కింట్లోనే ఉండిపోయింది. గ్రూపును అనసూర్య నడిపింది, తన పద్ధతిలో, కొంచెం గద్దింపుగా. ఆ ఎండాకాలం ఆమె బస్సెక్కి గోదావరి దాటి రామకృష్ణాపూర్ వచ్చింది. కొంగు ముడిలోంచి ఒక రోల్ తీసి చాప మీద పరిచింది.

"అన్నీ మసకనే అక్కా. మందు పాతదైందా, నా చెయ్యి వణికిందా?"

హబీబున్నీసా రోల్‌ను కిటికీకి ఎత్తి పట్టుకుని ఒక్కొక్కటే చూసింది. "మందు మంచిదే, చెయ్యి మంచిదే. ఎండను ముంగట పెట్టుకున్నవు నువ్వు. ఎన్నిసార్లు చెప్పిన?"

"వాళ్లు అటే కూసుంటమన్నరు మరి, ఏం జెయ్యాలె?"

"నువ్వే ఆ పక్కకు పోవాలె, ఆళ్లే నీ దిక్కు తిరుగుతరు," అంది హబీబున్నీసా. "ముందుగాల అన్నం తిను."