ఆవిరి ఆగిన మేడ

ఆ వీధిలో ఆమెను ఎదురుగా అక్క అనేవాళ్లు, వెనకాల అనుమానాలక్క అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. తిట్టుగా తీసుకోలేదు. హోటళ్ల దుప్పట్లు, ఆస్పత్రి పరదాలు ఉతికే లాండ్రీ నడుపుతూ అనుమానం లేకపోతే ఎలా? కాఫీ మరకని చెప్పి ఇచ్చింది ఉతికాక తుప్పు మరకని తేలితే మాట పడేది తనే కదా. అందుకే ఏ గుడ్డ వచ్చినా వెలుతురుకు పట్టి చూసి, వాసన చూసి, తెచ్చినవాడి మొహం కూడా ఓసారి చూసి గానీ లోపలికి తీసుకునేది కాదు. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు.

లాండ్రీ వెనక ఒక సన్నటి సందు. సందుకు అటుపక్క కిటికీలు లేని పెద్ద మేడ. జనం ఫోన్లలో పంపుకునే ఫొటోలు, బ్యాంకుల లెక్కలు, ఆస్పత్రుల రిపోర్టులు దాచిపెట్టే కంప్యూటర్లన్నీ అందులో పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటాయి. ఆమె భర్త ఆ డేటా సెంటర్ గేటు దగ్గర కాపలా ఉద్యోగి. నెమ్మదస్తుడు, పది మాటలకు ఒక మాట జవాబిచ్చే రకం.

కట్టిన కొత్తలో ఆ మేడ నెత్తిన టవర్లు ఉండేవి. వాటి నుంచి పొద్దస్తమానం తెల్లగా ఆవిరి లేచేది. కంప్యూటర్ల వేడిని నీళ్లలోకి లాగి, ఆ నీళ్లను గాలిలో ఆవిరి చేసి చల్లబరిచేవారు. మరుసటి వేసవికే వీధి కుళాయిలు సన్నబడ్డాయి.

"పైకి పోతున్నది పొగ కాదు, మన నీళ్లు" అని మొదట అన్నది అనుమానాలక్కే. ఎవరూ చెవిన పెట్టలేదు. బకెట్లు నిండక తిప్పలు పడ్డాక అందరికీ తెలిసొచ్చింది. వీధంతా కలిసి నీళ్ల ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే చివరికి కంపెనీ దిగివచ్చింది. టవర్లు తీసేసి, పైకప్పు మీద పెద్ద పెద్ద ఫ్యాన్లు వరసగా బిగించారు. గేటు పక్కన బోర్డు పెట్టారు: "ఇక్కడ చల్లబరచడానికి నీళ్లు వాడము."

ఆవిరి ఆగిపోయింది. వీధిలో కుళాయిలు మళ్లీ ధారగా రావడం మొదలుపెట్టాయి. కానీ లాండ్రీ నేలలో కట్టిన నీళ్ల సంపు మాత్రం నింపిన పూట తిరక్కుండానే ఖాళీ అయ్యేది. పైగా వెనక సందులో, మేడ గోడ మొదట్లో, వాన లేని రోజుల్లో కూడా తడి ఆరేది కాదు.

ఆమెకు అప్పుడే లోపల ఏదో గుచ్చుకుంది. ఆవిరి ఉన్నప్పుడు ఎంత పోతోందో కంటికి కనపడేది. ఇప్పుడు కనపడకుండా పోతోందన్నమాట.

"లోపల ఏం చేస్తున్నారయ్యా వాళ్లు?" అని భర్తను అడిగింది.

"గేటు దగ్గర కూర్చునేవాణ్ణి, నాకేం తెలుస్తుంది?"

"నీళ్ల ట్యాంకర్లు లోపలికి వెళ్లాయా లేదా?"

"ఫ్యాన్లు పెట్టినప్పుడు వెళ్లాయి. గొట్టాలు నింపడానికన్నారు."

"నీళ్లు వాడనివాళ్లకి గొట్టాల్లో నీళ్లెందుకు?"

అతను టోపీ తీసుకుని డ్యూటీకి బయల్దేరాడు. ఆ తప్పించుకోవడం ఆమెకు నచ్చలేదు. ఇంట్లోనే ఒకడు వాళ్ల తరఫున ఉన్నాడేమోనని అప్పటి నుంచి అతని బట్టలు కూడా గిరాకీ బట్టల్లాగే వెలుతురుకు పట్టి చూడసాగింది. ఒకరోజు చొక్కా చేతికి జిడ్డు తగిలింది. వంటనూనె కాదు, బండి నూనె కాదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా లేదు. ఇన్నేళ్లలో వాసన లేని జిడ్డు ఆమె చేతికి తగల్లేదు.

"ఇదేంటి?"

"డ్రమ్ములు దించుతుంటే చెయ్యి వేశాను."

"ఏం డ్రమ్ములు? ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"చెబితే నువ్వు ఊరుకుంటావా?"

ఊరుకోలేదు. మర్నాడు పనివేళల్లోనే తిన్నగా గేటు దాటి వెళ్లి, లోపలికి తీసుకెళ్లి చూపించమని కూర్చుంది. అక్కడ చల్లబరిచే యంత్రాల బాధ్యత ఒక యువ ఇంజినీరుది. ఆ అమ్మాయి విసుక్కోకుండా వెంటబెట్టుకెళ్లింది. పెద్ద హాలు. పొడవాటి తొట్లు. మూత ఎత్తితే, అద్దంలాంటి ద్రవంలో కంప్యూటర్లు నిలువునా మునిగి ఉన్నాయి.

"వీటిని నూనెలో ముంచేశారా?"

"నూనెలాంటిదే అక్కా. ఇందులోంచి కరెంటు పారదు. వేడిని మాత్రం గాలికంటే బాగా లాక్కుంటుంది. ఆ వేడిని ఈ గొట్టాల్లో నీళ్లు పైకప్పు మీదికి మోసుకుపోతాయి. అక్కడ ఫ్యాన్ల గాలికి చల్లబడి మళ్లీ కిందికి వస్తాయి. ఎప్పుడూ అవే నీళ్లు. గొట్టాల్లోంచి బయటికి రావు కాబట్టి ఆవిరవవు."

మాట నున్నగానే ఉంది. నున్నటి మాటలంటేనే అక్కకు భయం.

"మరి మీ గోడ మొదట్లో తడి ఎవరిది?"

"మాది కాదు."

"నీలిమందు తెస్తాను. మీ గొట్టాల్లో పోయనివ్వు. తడి నీలంగా మారకపోతే నీ మాట నమ్ముతాను."

"పంపులు పాడవుతాయి అక్కా, ఏదీ పోయనివ్వను. కావాలంటే మీ సంపులో పోసి చూడండి."

అక్కకు ఒళ్లు మండింది. వీధంతా ఆ మాట చెప్పుకుని తిట్టింది. తన సంపు ఎంత గట్టిదో అందరికీ చూపిస్తానని, లాండ్రీకి సెలవున్న రోజు నీలిమందు డబ్బా పట్టుకుని అందులో గుమ్మరించేసింది.

మర్నాడు పొద్దున సందులోకి వెళ్లి చూస్తే తడి లేదు. దాని చోట కొత్త మట్టి పరిచి ఉంది. దొంగతనం బయటపడుతుందని కప్పేశారనుకుంది. కాలితో మట్టి పక్కకు తోసింది. అడుగున బురద నీలంగా ఉంది.

కాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసొచ్చింది. అది తన సంపు నీలం. అంటే ఇన్నాళ్లూ నీళ్లు కారిపోతున్నది తన సంపులోంచే. మరి మట్టి వేసిందెవరు?

గేటు దగ్గరికి వెళ్లేసరికి భర్త లేచి నిలబడ్డాడు. అతని బూట్ల అంచులు నీలంగా ఉన్నాయి.

"నువ్వేనా?"

"నేనే."

"వాళ్లు వేయమన్నారా?"

"ఎవరూ చెప్పలేదు. డ్యూటీకి వస్తూ చూశాను, సందంతా నీలంగా ఉంది. వీధంతా చెప్పుకొచ్చావు కదా, నిన్ను చూసి నవ్వుతారని..." అని ఆగిపోయాడు.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్లూ ఈ మనిషి చొక్కా చేతుల్లో తను వెతికిందేమిటి, అతను దాచిపెట్టబోయిందేమిటి. గోడకు ఆనించిన పార అందుకుని, సందులోకి వెళ్లి మట్టంతా తనే ఎత్తిపోసింది. తర్వాత ఇంజినీరమ్మాయినీ ఇరుగుపొరుగునూ పిలిచింది.

"చూడండి. తడి నాదే. వీళ్లది కాదు."

ఒకరిద్దరు నవ్వారు. ఇంజినీరమ్మాయి నవ్వలేదు. వంగి బురద చూసి, "సంపు అడుగు పగిలినట్టుంది అక్కా, మేస్త్రీని పిలిపించండి" అంది. మేస్త్రీ వచ్చి తవ్వితే మూల దగ్గర బీట కనపడింది. అది పూడ్చాక సంపు నీళ్లు సాయంత్రం దాకా సరిపోయాయి.

దాంతో ఆమె అనుమానాలు మానేసిందనుకుంటే పొరపాటు. ఆ వేసవిలో ఎండలు మండిపోతున్న రోజుల్లో, డాబా మీద దుప్పట్లు ఆరేస్తూ మేడ పైకప్పు వైపు చూసింది. ఫ్యాన్ల పక్కన అట్టల్లాంటి పలకలు తడిసి, చుక్కలు కారుతున్నాయి. బుట్ట అక్కడే వదిలేసి గేటు దగ్గరికి వెళ్లింది.

ఇంజినీరమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. "గాలి మరీ వేడెక్కితే ఆ పలకల మీద కొంచెం చల్లుతాం అక్కా. చల్లకపోతే ఫ్యాన్లు విపరీతంగా కరెంటు తింటాయి. పాత టవర్లతో పోలిస్తే ఈ నీళ్లు లెక్కలోకి రావు."

"చల్లడం తప్పనలేదమ్మాయ్. అసలు వాడమని బోర్డు రాయడం తప్పు. తడి నాదని తెలిసినప్పుడు నేను ఒప్పుకున్నానా లేదా?"

ఆ అమ్మాయి వాదించలేదు. పైవాళ్లతో ఏం మాట్లాడిందో, ఎంత మాట పడిందో అక్కకు తెలియదు. వేసవి ముగిసేలోగా బోర్డు తీసేశారు. మేడ నీళ్ల మీటరును, దారిన పోయేవాళ్లు ఎవరైనా చదువుకునేలా, బయటి గోడకు మార్చి బిగించారు. దుప్పట్లు ఇవ్వడానికి వెళ్తూ అక్క దాని ముందు ఆగి చూసుకునేది. వానలు పడ్డాక అందులో అంకెలు దాదాపు కదలడం మానేశాయి.

ఒక సాయంత్రం ఇంటికొచ్చిన భర్తను అడిగింది: "నీళ్ల సంగతి సరే. ఆ ఫ్యాన్లకి కరెంటు ఎంత కాలుతోంది?"

అతను బూట్లు విప్పుతూ ఈసారి వెంటనే జవాబిచ్చాడు. "ఆ మీటరు లోపలుంది. అడిగితే ఆ అమ్మాయే చూపిస్తుంది. నేను చెప్పానని మాత్రం అనకు."