బాబావలి ఉర్దూ

రాయచోటి బాబావలికి జెద్దాలో రెండే ఆస్తులు: కంపెనీ ఇచ్చిన టాక్సీ, లాహోరు రూమ్మేటు నేర్పిన ఉర్దూ. దూదేకుల ఇంట పుట్టి తెలుగు తప్ప ఎరగక, ఊళ్లో పెళ్లిళ్లన్నిటా ఉర్దూ రాని సాయిబని నవ్వులపాలైనవాడు. అందుకే ఆ రెండో ఆస్తిని కారెక్కినవాళ్లందరి మీదా ధారాళంగా ఖర్చుపెట్టేవాడు.

మక్కాలో ఉమ్రా యాత్రకు వచ్చిన బంగ్లాదేశ్ ముసలమ్మ జొహురాను, ఇక్కడే ఆస్పత్రిలో ఆయాగా చేసే ఆమె కూతురు షెఫాలీని ఓ శుక్రవారం షరఫియా పేటలో ఎక్కించుకున్నాడు. "అమ్మాజీ, తష్రీఫ్ రఖియే" అని కూర్చోమన్నాడు గొంతు గంభీరం చేసుకుని. తన ఉచ్చారణ తనకే ముద్దొచ్చింది. ముసలమ్మ తలుపు వైపు ఒదిగి ముసుగు లాక్కుంది. సిగ్గుపడుతోందనుకుని ఓ షాయరీ కూడా వినిపించాడు మహానుభావుడు. ఆమె తలుపు పిడి కోసం తడుముకోసాగింది.

షెఫాలీ కారు ఆపించి, అతన్ని పక్కకు పిలిచి, వచ్చీరాని అరబ్బీలో చెప్పింది.

"డెబ్బై ఒకటి యుద్ధంలో అమ్మకు పదహారేళ్లు. పాకిస్తాన్ సైనికులు ఎత్తుకెళ్లి నెలల తరబడి క్యాంపులో బంధించారు. వాళ్లు మాట్లాడింది నీ ఈ ఉర్దూనే."

"మీ సర్కారు ఏమీ చెయ్యలేదా అక్కా?" అని అడిగాడు బాబావలి.

"అలాంటి ఆడవాళ్లందరికీ వీరాంగన అని పేరు పెట్టింది. ఏటా స్టేజీ ఎక్కించి శాలువా కప్పేవాళ్లు, పేపర్లో ఫోటో వేసేవాళ్లు. ఆ ఫోటో చూసే నాకొచ్చిన సంబంధం వెనక్కిపోయింది. ఊళ్లోవాళ్లు ఆ పేరునే తిట్టు చేసుకున్నారు. అమ్మ స్టేజీ ఎక్కడం మానేసింది."

ఇన్నేళ్లు కష్టపడి నేర్చిన విద్య ఒక ముసలమ్మను వణికించడానికి పనికొచ్చిందన్నమాట. మక్కా దాకా నోరు కుట్టేసుకోవాలనుకున్నాడు. అది అతని వల్ల అయ్యే పనా? నాలుగు సిగ్నళ్లు దాటకుండానే మాట జారింది.

"ఏసీ సల్లగా ఉండాదా అవ్వా? తగ్గించేదా?"

ముసలమ్మ ముసుగు కాస్త తొలగించి కూతుర్ని ఏదో అడిగింది.

"ఇదేం భాష అంటోంది" అంది షెఫాలీ.

"తెలుగు అక్కా. మా అమ్మతో మాట్లాడేది."

ఇక దారి పొడవునా తల్లి మోకాళ్ల నొప్పులు, పెళ్లాం అలకలు, రాయచోటి ఎండలు అన్నీ తెలుగులోనే ఏకరువు పెట్టాడు. ఒక్క ముక్కా అర్థం కాకపోయినా ముసలమ్మ తల ఊపుతూనే ఉంది. దిగేటప్పుడు, అతని కోసం ఏమని దువా చెయ్యాలో కూతురి చేత అడిగించింది.

"నా నోరు కొంచెం తగ్గించమని అడగమను అక్కా."

అది విని ఆమె మొదటిసారి నవ్వింది.

తిరుగు ప్రయాణంలో జొహురా ముందు సీట్లో కూర్చుంది. ఈసారి ఆమే మాట్లాడింది, బంగ్లాలో, జెద్దా వచ్చేదాకా. బాబావలికి ఏమీ అర్థం కాలేదు. అయినా ఒక్కసారీ అడ్డుపడలేదు.