మేం పదకొండు మందిమి

గురువుగారు పోయారన్న కబురు నాకు ఆఫీసు నుంచి రాలేదు. రిజిస్టరులో పేరు లేని మనిషి పోతే ఆఫీసు ఎవరికీ కబురు పెట్టదు. పొద్దున్నే టెక్కలిలో బస్సెక్కి, పలాసలో దిగి, కంపెనీ గేటు దాటుతుంటే జీడిపిక్కలు కోసి చూసే ఆడవాళ్ళలో పెద్దావిడ ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, బాబు ఎలిపోనాడు. తెల్లారగట్ల" అంది. ఆవిడ ఆయన్ని మొదటినుంచీ బాబు అనే పిలిచేది. నేనేం మాట్లాడానో గుర్తులేదు. ఫోను తీసి ఆయన నంబరుకే చెయ్యబోయానన్నది మాత్రం గుర్తుంది. ఏం తోచకపోతే ఆ నంబరుకి చెయ్యడం అలవాటు మరి.

ఆయన మా జీడిపప్పు కంపెనీలో కొనుగోలు విభాగానికి పెద్ద. ఉద్దానం తోటల్లోంచి వచ్చే పిక్కలు ఏ ఊరివి కొనాలి, ఏ ధరకి కొనాలి, ఏ బండి వెనక్కి పంపాలి అన్నీ ఆయన మాట మీదే నడిచేవి. నేను ఎంబీయే చదివి ఆయన కింద చేరాను. సరఫరాదారులతో ఎలా మెలగాలి అనే పేపర్లో నాకు క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులొచ్చాయి. చేరిన రోజే ఆ గొప్ప ఆయన చెవిన వేశాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మంచిదమ్మా. సరఫరాదారు బయట ఎండలో నిలబడున్నాడు. ముందెల్లి ఆడికి మంచినీళ్ళియ్యి" అన్నారు.

బండి వెనక్కి పంపాల్సి వచ్చిన రోజున రైతుకి తప్పకుండా టీ తెప్పించేవారు. టీ పూర్తయ్యేదాకా సరుకు ఊసు ఎత్తేవారు కాదు. "వొద్దు అని సెప్పేముందు కడుపులో ఏదో ఒకటి పడాల" అనేవారు. దాంతో మా దగ్గర టీ వస్తే రైతులకి గుండెలు జారిపోయేవి. కంచిలి వైపు నుంచి వచ్చే ఒకాయన టీ గ్లాసు చూడగానే "బాబూ, నాకొద్దు, నాను తాగొచ్చినాను" అని దణ్ణం పెట్టేవాడు. మేం నవ్వలేక చచ్చేవాళ్ళం.

జీడి పూత మీద ఉన్నప్పుడు ఆయన ఆఫీసులో కనిపించేవారు కాదు. జీపు వేసుకుని తోటలన్నీ తిరిగేవారు. పిక్క ఇంకా పుట్టనే లేదు, ఇప్పుడేం కొంటారని హైదరాబాదులోని హెడ్డాఫీసు ఏటా ఏదో ఒకటి అంటూనే ఉండేది. "పువ్వు సూడకుండా పిక్క కొంటే పిల్లని సూడకుండా పెళ్ళాడినట్టే. తరవాత ఏడిస్తే ఎవుల్దీ పూచీ?" అని ఆయన వాదన. మంచు ఎక్కడ ఎక్కువ పడింది, ఏ తోటలో పూత మాడింది చూసొచ్చి, ఆ ఊరి సరుకు ఎలా ఉండబోతోందో చెప్పేవారు. నేను చూసినంతలో ఆ మాట తప్పలేదు.

మా విభాగంలో మేం పదకొండు మందిమి. ఆయన, నేను, ఊళ్ళు తిరిగి కొనేవాళ్ళిద్దరు, కంప్యూటరు ముందు కూర్చునే అబ్బాయి, కాటా మనిషి, జీపు డ్రైవరు, నలుగురు కోత ఆడవాళ్ళు. ప్రతి బండిలోంచీ గుప్పెడు గుప్పెడు పిక్కలు తీసి, రెండు చెక్కలుగా కోసి, లోపలి పప్పు బాగుందో పురుగు పట్టిందో చూసేది ఈ నలుగురే. ఇతర కంపెనీల్లో ఈ పని చేసేవాళ్ళు గోదాము లెక్కలోనో, నాణ్యత విభాగం లెక్కలోనో ఉంటారు. మా దగ్గర మాత్రం వాళ్ళది కొనుగోలు విభాగమే. ఎందుకంటే మధ్యాహ్నం మాతో కలిసి క్యారేజీ విప్పేవాళ్ళు. మా గురువుగారి లెక్క అదే. ఆయన తలొంచుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకునేదాకా ఎవరూ ముద్ద ఎత్తేవాళ్ళు కాదు. ఆ తర్వాత ఎవరి క్యారేజీలో ఎవరి చెయ్యి ఉందో చెప్పడం కష్టం. రెండేళ్ళు హెడ్డాఫీసు చుట్టూ తిరిగి, ఆ నలుగురికీ 'కొనుగోలు విభాగం' అని రాసున్న గుర్తింపు కార్డులు సంపాదించారాయన. కార్డు వచ్చిన రోజున పెద్దావిడ దాన్ని మెడలో వేసుకుని ఊరంతా తిరిగొచ్చిందట.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా కొంప ముంచింది ఆ పదకొండే.

ఒకరోజు హెడ్డాఫీసు నుంచి ఒక షీటు వచ్చింది. బెంచ్‌మార్కింగ్ అట. ఎవరో సలహాదార్లు మాలాంటి కంపెనీలన్నింటి దగ్గరా వివరాలు పోగుచేసి, కొనుగోలు విభాగం నడపడానికి ఎవరు ఎంత ఖర్చు పెడుతున్నారు, ఎంతమందిని పెట్టుకున్నారు, మనిషికి ఎంత పని జరుగుతోంది అని పక్కపక్కన పెట్టి చూస్తారు. మేం దానికి పోలిక కాగితం అని పేరు పెట్టుకున్నాం. నింపే పని నాది. 'కొనుగోలు విభాగంలో ఎంతమంది?' అన్న గడి దగ్గర నేను ఆగాను. కోతవాళ్ళనీ, కాటా మనిషినీ ఇందులో కలపాలా అని గురువుగారినే అడిగాను.

"ఏటమ్మా అలగడుగుతావు? మనం పదకొండు మందిమి. రాసీ" అన్నారు.

"మిగతావాళ్ళు వాళ్ళని కలపరేమో సార్."

"ఆల గోల మనకేల? కార్డులిప్పించి, ఇప్పుడు కాగితంలో పేరు తీసీసేమని తెలిస్తే ఆలు ఎంత సిన్నబుచ్చుకుంటారు! పదకొండు."

ఆయన గొంతులో గర్వం ఉంది. నాకు అనుమానం ఉంది. అనుమానం ఉండీ నేను పదకొండు అనే రాశాను. ఆ ఒక్క అంకె గురించి అప్పట్నుంచీ నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. ఎదురు చెబితే వినని మనిషి కాదాయన. నేనే చెప్పలేదు.

మూడు నెలలకి వీడియోలో మీటింగు పెట్టారు. సలహాదారు మర్యాదస్తుడు. మా పేరు ఎర్రరంగులో, మిగతా కంపెనీలు పచ్చరంగులో చూపించి, మీ పాటి సరుకు కొనడానికి నలుగురు సరిపోతారు సార్, మీరు పదకొండు మందిని పెట్టుకున్నారు, తిరుగుడు ఖర్చు కూడా ఎక్కువే అన్నాడు. గురువుగారు కుర్చీలో ముందుకి జరిగి, కోత పని అంటే ఏమిటో, పూత చూడ్డం ఎందుకో వివరంగా చెప్పారు. అతను ఓపిగ్గా విని, బాగా చెప్పారు సార్ అని తర్వాతి పేజీకి వెళ్ళిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఆ సాయంత్రమే నేను మెయిలు పెట్టాను. మీరు ఎక్కువన్న ఏడుగురిలో ఆరుగురు, అంటే కోతవాళ్ళు నలుగురు, కాటా మనిషి, డ్రైవరు, నిజానికి వేరే గడిలోకి రావాలి, తప్పు నాది అని రాశాను. లెక్కలు ఖరారైపోయాయి, వచ్చే ఏడాది సరిచేసుకోవచ్చు అని జవాబు. మళ్ళీ రాశాను. మళ్ళీ అదే జవాబు. మూడోసారి జవాబే రాలేదు. తీసెయ్యాల్సిన ఏడుగురి పేర్లు పంపమని మాత్రం గురువుగారికి ఉత్తరం వచ్చింది.

ఆయన తెల్లకాగితం తీసి మొదట తన పేరు రాసుకున్నారు. రిటైరవడానికి ఏడాది పైచిలుకు మిగిలుంది. నా పేరు రాయండి సార్, తప్పు చేసింది నేను అని ఏడ్చాను. "నిన్ను తీసీస్తే రేపు ఈ దిక్కుమాలిన కాగితాలు ఎవులు నింపుతారు? నాకు కంప్యూటరే రాదు" అని నవ్వారు. ఆయన వెళ్ళకపోతే ఊళ్ళు తిరిగే కుర్రాళ్ళలో ఒకడు వెళ్ళాలి. వాడికి అప్పటికి నెల కిందటే పాప పుట్టింది. ఆ కింద కాటా మనిషి, డ్రైవరు, కోతవాళ్ళ పేర్లు రాసేటప్పుడు ఆయన నవ్వలేదు. కోతవాళ్ళు నలుగురినీ కూర్చోబెట్టి టీ తెప్పించారు. గ్లాసు చేతికందగానే పెద్దావిడకి అర్థమైపోయింది.

కార్డులు బల్ల మీద పెట్టి వెళ్ళారు వాళ్ళు. పిక్కలు కొయ్యకుండా కొనలేం కదా, రెండు నెలలు తిరక్కుండానే వాళ్ళనే మళ్ళీ పిలిచారు, ఈసారి కాంట్రాక్టరు మనుషులుగా. పని అదే, పీటలు అవే, కూలి తక్కువ. ఆ డబ్బు ఇంకో పద్దులో పడుతుంది కాబట్టి పోలిక కాగితంలో వాళ్ళు కనిపించరు. మధ్యాహ్నం కాంట్రాక్టరు వాళ్ళకి వేరే షెడ్డు చూపించాడు. మేం నలుగురం ఆఫీసులో తినేవాళ్ళం.

ఇక గురువుగారి సంగతి. అప్పటికే ఆయన ఒంట్లో బాగుండడం లేదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బంటే ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు, ఊరూరా ఉన్నదే. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి పలాస వచ్చేవారు. సీజను మొదలయ్యాక బండ్లు వరసకట్టాయి. ఆయన లేకుండా మొదటి బండి ముందు నిలబడి, దించాలో తిప్పాలో తేల్చుకోలేకపోయాను. ఆయనకే ఫోను చేశాను. ఏ ఊరు, ఎవరి తోట అని అడిగి, "ఆల్ది సముద్రం పక్క తోట. పైకి తడి కనపడదు. రెండ్రోజులు ఎండబెట్టి తెమ్మను" అన్నారు. ఆ తర్వాత అదే అలవాటైంది. రోజుకి నాలుగుసార్లు, ఆరుసార్లు. ఒక్కోసారి మిషను మీదుండి ఎత్తేవారు. "ఒక సెయ్యి కాళీగానే ఉన్నాది, సెప్పమ్మా. ఈ నాలుగ్గంటలూ నాకేటి పని?" అనేవారు. నేను సిగ్గులేకుండా చెప్పేదాన్ని. రెండు సీజన్లు అలా గడిపాను.

మా ఫలితాలు ఏమాత్రం తగ్గలేదు. నలుగురే పదకొండు మంది చేసే పని చేస్తున్నారు, ఇదే మేం చెప్పింది అని హెడ్డాఫీసు మెచ్చుకుంటూ రాసింది. అది చదివినప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఆయన ఇంటికి వెళ్ళాను. మంచం మీద పడుకుని ఉన్నారు. కాళ్ళు వాచి ఉన్నాయి.

"వచ్చే సీజన్లో మీకు ఫోను చెయ్యను సార్. ఫలితాలు పడిపోనివ్వండి. అప్పుడైనా వాళ్ళకి తెలుస్తుంది. కోతవాళ్ళని మళ్ళీ తీసుకుంటారు" అన్నాను.

ఆయన మోచెయ్యి ఆనించి లేచి కూర్చున్నారు. "పడితే ఎవుల మీద పడతాదమ్మా? ఆల మీద పడతాదా? నువ్వు పుచ్చు సరుకు కొంటే నిన్ను పంపీసి ఇంకోడిని ఎడతారు. మంచి సరుకు తిప్పీసేవనుకో, ఆ రైతు దారిలో ఎవుడికో అయినకాడికి ఇచ్చీసి ఇంటికెల్లిపోతాడు. ఆల తప్పు ఆలకి తెలీడానికి మన పని మనం పాడుసేసుకోవాలా? నాకది సేతకాదు."

"మరేం చెయ్యాలి సార్?"

"నాకేటి తెలుసు?" అన్నారు. అంతకు ముందు ఆయన నోట ఆ మాట నేను వినలేదు. ఆయన భార్య తెచ్చిన టీ చేతిలో చల్లారిపోయింది, తాగలేకపోయాను. వచ్చే సీజన్లోనూ ఫోను చేస్తానని చెప్పి లేచాను. ఆయన మొహం తేటపడింది. అందుకు సంతోషించాలో ఏడవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఈసారి సీజను మొదలైన వారంలోనే పోయారు. వాళ్ళ ఊళ్ళో, జీడితోటల మధ్య ఇసుక నేలలో సమాధి తవ్వారు. ఇసుక జారి గొయ్యి పూడిపోతుంటే మళ్ళీ మళ్ళీ తోడారు. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ కోత ఆడవాళ్ళు నలుగురూ ఒక పక్కన నిలబడ్డారు. కూలి పోతుందని కాంట్రాక్టరు చెప్పినా వచ్చారు. రైతులు చాలామందే వచ్చారు. కంపెనీ తరఫున ఒక దండ పంపుతారేమోనని నేను అకౌంట్సు వాళ్ళని అడిగి చూశాను. ఏ పద్దు కింద పంపాలో తెలియదన్నారు. నేనే కొనుక్కెళ్ళాను.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి ఈ ఏటి పోలిక కాగితం వచ్చి ఉంది. గడులు నింపుకుంటూ పోయాను. 'కొనుగోలు విభాగంలో ఎంతమంది?' నలుగురు. 'గత ఏడాది ఎంతమంది?' నలుగురు. 'తేడా?' సున్నా. ఆ సున్నా కొట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాను. దాన్ని ఎలా మార్చాలో నాకు తెలియలేదు. మార్చమని ఎవరికి రాయాలో కూడా తెలియలేదు.

బయట లారీ వచ్చి ఆగింది. కోతకి కూర్చున్న పెద్దావిడ ఒళ్ళో చెక్కలు దులుపుకుని లేచి, కిటికీ దగ్గరికి వచ్చింది.

"అమ్మా, బండొచ్చి నిలబడిపోనాది. దించీమంటావా, తిప్పీమంటావా?"

నా చెయ్యి అలవాటుగా ఫోను మీదికి వెళ్ళింది. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని అలాగే నిలబడింది. ఎండలో లారీ ఇంజను ఆగకుండా మోగుతోంది.