జీపు ముందు అన్నయ్య ప్రార్థన

మొన్న ఆదివారం చర్చిలో మా అన్నయ్య మళ్ళీ జీపు సాక్ష్యం చెప్పాడు. ఏటా నాన్న సంస్మరణ రోజున చెబుతాడు. చెప్పిన ప్రతిసారీ అందులో దేవుడి పాత్ర కాస్త పెరుగుతుంది, నా పాత్ర కాస్త తరుగుతుంది. ఈసారి కుర్చీలో కూర్చుని చెప్పాడు, నేనైతే అందులో అసలు లేను. "ఇంజను నాశనమయ్యే గడియలో ప్రభువు నా ప్రార్థన ఆలకించి ఒక ఎర్రని వెలుగు చూపించాడు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు, ముందు బెంచీలో వదిన కళ్ళొత్తుకుంది. ఆ వెలుగు చూసిన కళ్ళెవరివి, తాళం తిప్పిన చెయ్యెవరిది అని ఒక్కరైనా అడగాలిగా! నేను పాటల పుస్తకాన్ని బెంచీ మీద టప్పున పడేశాను. పక్కనున్నావిడ నన్ను ఆత్మ కదిలించిందనుకుని చెయ్యి పట్టుకుంది. నన్ను కదిలించింది ఒళ్ళుమంట. అసలు సంగతి ఇక్కడే చెప్పుకుంటాను, చర్చిలో నాకెవరూ మైకివ్వరు.

ఆ జీపు నాన్నది. రైల్వేలో డీజిల్ ఇంజన్ల దగ్గర పనిచేసి, మౌలాలిలో ఇల్లు కట్టుకున్న మనిషి. మిలిటరీ వేలంలో ఎవరికీ అక్కర్లేని జీపొకటి కొని, దాని పాత ఇంజను పీకేసి, ఎక్కడెక్కడివో సామాన్లు తెచ్చి డీజిల్ ఇంజను తనే కూర్చాడు. ఆ వేసవంతా మా ఇంట్లో సాంబారు కూడా గ్రీజు వాసన వేసేది. అమ్మ తిడుతూనే గుడ్డపేలికలు అందించేది. సామాన్ల పేర్లు నాకొచ్చాయి, అన్నయ్యకి రాలేదు. అన్నయ్య చొక్కా నలగకుండా వరండాలో నిలబడి, అందరూ ఎలా చెయ్యాలో చెప్పేవాడు. తర్వాత ఆఫీసులో సూపరింటెండెంటయ్యాడు, చర్చి కమిటీలో పెద్దయ్యాడు, ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. జీపు నడపడం నాకే నేర్పాడు నాన్న. పోయేముందు తాళం నా చేతిలోనే పెట్టాడు, అన్నయ్య చూస్తుండగానే. మా ఇద్దరి మధ్య మిగతా గొడవలన్నీ ఆ తాళానికి కొమ్మలూ రెమ్మలే.

తాళం నాకొచ్చినా ప్రార్థన చేసే వంతు అన్నయ్యకి వెళ్ళింది. ప్రయాణానికి ముందు నాన్న ఇంజను స్టార్టు చేసి, బానెట్ మీద చెయ్యి వేసి, ఇంజను కాస్త వేడెక్కేదాకా ప్రార్థన చేసేవాడు. చిన్న ప్రార్థన. "తండ్రీ, క్షేమంగా తీసుకెళ్ళు, క్షేమంగా తీసుకురా, దారిలో తాగుబోతుల్ని తప్పించు, ఆమెన్." ఆమెన్ అనేసరికి ఇంజను చప్పుడు మెత్తబడేది. అన్నయ్య చేతికొచ్చాక ఆ ప్రార్థన ఆదాము దగ్గర మొదలై అధికారుల మీదుగా, విదేశీ సేవకుల మీదుగా వచ్చి, చివరికి మా ఇంటి గుమ్మంలో ఆగేది. అక్కడ నా వంతు. మా వాళ్ళలో ప్రార్థనకున్న సుఖం అదే. మామూలుగా తిడితే నాలుగు తిరిగి అనచ్చు, ప్రార్థనలో తిడితే మధ్యలో నోరెత్తకూడదు, పైగా చివర్లో మనమే ఆమెన్ అనాలి. "మా సహోదరికి దీనమనస్సు దయచేయుము" అని అన్నయ్య దేవుణ్ణి అడిగినప్పుడల్లా నేను పళ్ళు నూరుకుంటూ ఆమెన్ అనేదాన్ని.

నాన్న పోయిన మొదటి ఏడాది సంస్మరణకి అందరం ఆ జీపులోనే సమాధుల తోటకి వెళ్ళాలనుకున్నాం. వారం ముందు మౌలాలి గుట్ట వైపు రాయి తగిలి ఛాంబర్ పగిలింది. ఇంజను కింద నూనె నిలవుండే తొట్టిని మా మెకానిక్కులు ఛాంబర్ అంటారు. అన్నయ్య ఫోన్లో వెతికి, తళతళలాడే కొత్త ఛాంబర్ ఒకటి తెప్పించాడు. రాళ్ళు తగలకుండా లోతు తగ్గించి, వెడల్పు పెంచిన రకం. చూడ్డానికి బాగానే ఉంది, కాదనను. కానీ తొట్టి మారితే సరిపోతుందా? నూనెని పైకి లాగే పంపు, దానికో గొట్టం, గొట్టం చివర జాలీ ఉంటాయి. జాలీ తొట్టి అడుక్కి దూరమైతే నూనెకి బదులు గాలి పీలుస్తుంది. అడుక్కి ఆనితే ఏమీ పీల్చదు. కొబ్బరిబోండంలో స్ట్రా అడుక్కి నొక్కి పీల్చి చూడండి, తెలుస్తుంది. నూనె అందని ఇంజను లోపల్లోపలే అరిగి, బిగుసుకుపోయి చస్తుంది. అందుకే నాన్న జాలీ కింద చపాతీ పిండి ముద్ద అంటించి, ఛాంబర్ బిగించి, మళ్ళీ విప్పి, నలిగిన ముద్ద ఎంత మందం మిగిలిందో చూసేవాడు. చిటికెన వేలంత ఉంటే సరే.

అదే అన్నయ్యకి చెప్పాను. చెప్పడమేమిటి, బతిమాలాను. "ఇంజన్లో చపాతీ పిండేంటే? డబ్బా మీద ఈ జీపుకే అని రాసుంది, చదువు" అన్నాడు. ఈ జీపుకి ఏ ఇంజను ఉందో ఆ డబ్బా రాసినవాడికేం తెలుసు అన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు కదా! "నాన్న గారాబం చేసి నిన్ను పాడు చేశాడు" అని మెకానిక్కు వైపు తిరిగాడు. ఆ మెకానిక్కు మా వీధి చివర షెడ్డువాడు, ఎవరు గట్టిగా మాట్లాడితే వాళ్ళ పక్షం. "అన్న జెప్పిండు గదమ్మా, పరేషాన్ గాకుండ్రి, ఏం గాదు" అని పాత పంపు, పాత గొట్టం అలాగే ఉంచి కొత్త ఛాంబర్ బిగించేశాడు. బానెట్‌లో తల పెట్టి, ఇంజన్ని ఒకసారి గట్టిగా రేజ్ చేసి, "ఫస్ట్ క్లాస్" అని ఆపేశాడు. స్టీరింగు ముందుండే హెచ్చరిక దీపాలవైపు చూసినవాడు లేడు. నేను అప్పుడు చపాతీలు లెక్కేస్తూ వంటింట్లో ఉన్నాను, నన్నక్కడికి తరిమారు కాబట్టి.

ఆ రోజు చుట్టాలంతా తెల్లబట్టల్లో మా వాకిట్లో చేరారు. నేను డ్రైవర్ సీట్లో కూర్చుని స్టార్టు చేశాను. అన్నయ్య బానెట్ మీద చెయ్యి వేశాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. ఆదాము వచ్చాడు, అధికారులొచ్చారు, సేవకులొచ్చారు. ఇంజను చప్పుడులో ఏదో టకటకమని తేడాగా వినిపించింది, కానీ ప్రార్థనలో కళ్ళు తెరవడం మాకు చిన్నప్పటినుంచి లేదు. తెరిస్తే అమ్మ తొడపాశం పెట్టేది. అంతలో నా వంతొచ్చింది. "ప్రభువా, మా సహోదరి హృదయములోని గర్వమును..." గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, గర్వమనగానే నా కళ్ళు భగ్గున తెరుచుకున్నాయి. అన్నయ్యని కొరకొరా చూద్దామనే తెరిచాను, అబద్ధమెందుకు. ఎదురుగా నాన్న తన చేత్తో బిగించిన ఎర్ర దీపం వెలుగుతోంది. నూనె అందడం లేదని చెప్పే దీపం. అది ఎప్పటినుంచి వెలుగుతోందో, అంతమందిలో ఒక్కడూ చూడలేదు. తాళం తిప్పేశాను. ఇంజను ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో అన్నయ్య గొంతొక్కటే వీధి చివరికి వినిపించేట్టు "అణచివేయుము!" అంది.

ఇక చూడండి గొడవ. సంస్మరణ ప్రార్థన మధ్యలో ఇంజను ఆపిన మనిషి మా వంశంలో లేదట. "నాన్నని అవమానించావు, దేవుణ్ణి అవమానించావు" అన్నాడు అన్నయ్య. దీపం చూడమన్నాను. వైరు లూజై ఉంటుందన్నాడు. "ప్రార్థనలో కళ్ళెలా తెరిచావు? ముందది చెప్పు" అన్నది వదిన. నాకు తిక్క రేగింది. తెల్లచీర కొంగు దోపి, వంటింట్లోంచి పిండి ముద్ద తెచ్చి, మెకానిక్కుని పిలిపించి, "విప్పు" అన్నాను. ఆ ఇంజను ఆ రోజు చచ్చుంటే నాన్న రెండోసారి పోయినట్టే నాకు. చుట్టాలందరూ పెళ్ళి చూసినట్టు చుట్టూ నిలబడ్డారు. నూనె తీసి, ఛాంబర్ దించి, జాలీ కింద ముద్ద అంటించి, ఛాంబర్ బిగించి, మళ్ళీ విప్పారు. ముద్ద అప్పడంకంటే పలచగా నలిగి ఉంది, దానిమీద జాలీ అచ్చు గడులు గడులుగా పడింది. మెకానిక్కు తల గోక్కుని, "అన్న తొందర జేసిండమ్మా" అన్నాడు. సమాధుల తోటకి ఆటోల్లో వెళ్ళాం. అన్నయ్య నేనెక్కిన ఆటో ఎక్కలేదు.

ఆ ఛాంబర్‌కి సరిపడే పంపు, పొట్టి గొట్టం ఉన్న జాలీ నేనే తిరిగి వెతికి తెచ్చాను. చిటికెన వేలు మందం వచ్చేదాకా ముద్ద పెట్టి తీయించాను. ఇంజను బతికింది, ఈ రోజుకీ ఇంజను నడుస్తుండగా ఆ దీపం మళ్ళీ వెలగలేదు. అన్నయ్య తప్పయిందన్నాడా? ఆ పై ఆదివారమే చర్చిలో లేచి, తన ప్రార్థనవల్లే జీపు బతికిందని సాక్ష్యం చెప్పాడు. నా ఒళ్ళు మండేది అది అబద్ధమని కాదు. ఆ మనిషి నన్ను తిట్టకపోతే నేను నిజంగానే కళ్ళు తెరిచేదాన్ని కాదు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా? క్షమించలేదు, క్షమించను కూడా.

మొన్న సాక్ష్యం అయ్యాక సమాధుల తోటకి వెళ్ళడానికి ఎప్పటిలాగే మా వాకిట్లో చేరాం. నేను స్టార్టు చేశాను. వదిన చెయ్యి పట్టుకుని అన్నయ్య జీపు ముందుకొచ్చి బానెట్ మీద చెయ్యి వేశాడు. వేశాడనడం కంటే ఆనుకున్నాడనాలి. నేను ఇప్పుడు కళ్ళు మూసుకోను, దీపం వంకే చూస్తాను, అడిగే ధైర్యం ఎవరికీ లేదు. ఆదాము రాలేదు. అధికారులు రాలేదు. "తండ్రీ, క్షేమంగా తీసుకెళ్ళు, క్షేమంగా తీసుకురా" అన్నాడు, ఊపిరి తీసుకున్నాడు. నా వంతొస్తుందని పళ్ళు బిగించి కూర్చున్నాను. ఆమెన్ అనేశాడు. అందరూ ఎక్కేశారు. "పోనీ" అన్నాడు అన్నయ్య పక్క సీట్లోంచి. ఉండు, ఇంజను ఇంకా వేడెక్కలేదని కసిరాను. ఇన్నేళ్ళ కాలం నా గర్వాన్ని ఏమీ చెయ్యలేకపోయింది గానీ, దాన్ని తిట్టే మనిషికి ఊపిరి చాలకుండా చేసింది.